మిట్ట రేడియోలో ‘అన్నీ’ అనే మాట

కదిరికి ఉదయం ఎనిమిదింటికి రావలసిన బండి ఎనిమిదీ ఇరవైకి వచ్చింది. నా దగ్గర ఒకే సంచి. అందులో రెండు చీరలు, స్వెటరు, చపాతీల డబ్బా, వైరున్న ఇయర్‌ఫోన్లు. ఎక్కడికమ్మా అని పక్క సీటాయన అడిగాడు. కుప్పం అన్నాను. పెళ్లికా అన్నాడు. సగంలో ఆగిపోయిన ఒక వాక్యం చివర ఏముందో కనుక్కోవడానికి అంటే నన్ను ఇంకోలా చూస్తాడని, “ఒకావిడను చూడాలి” అని ఊరుకున్నాను.

నేను టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని గడిచింది. కిందటి నెల బెంగళూరు నుంచి వేలూరులో ఉన్న మా పిన్ని కూతురింటికి రైల్లో వెళ్తున్నాను. ఉదయం పది దాటింది. కుప్పం దగ్గర పడుతుంటే ఏమీ తోచక నా పాత ఫోనులో రేడియో పెట్టి స్టేషన్లు వెతికాను. ఒకచోట ఒక ఆడగొంతు పలికింది. వెనక సంగీతం లేదు. “బండ బావి కాడ టమాటా తోటలో ఉండే గంగులప్పా, నువ్వు ఈ మాట వింటాంటే...” అంది. అంతలో బండి మలుపు తిరిగింది, కొండ అడ్డమొచ్చింది. ఆ తర్వాత గరగర తప్ప మరేమీ వినపడలేదు.

వింటాంటే ఏం చేయాలి? ఇంటికి రావాలా? మోటారు ఆపాలా? ఇంట్లో ఎవరికైనా బాగాలేదా? ఆ గొంతు భయాన్ని అదిమిపెట్టుకున్న గొంతు. అలాంటి గొంతులు నాకు బాగా తెలుసు. తిరిగొచ్చాక మా కోడలి చేత ఫోనులో వెతికించాను. ఆ స్టేషన్ ఏదో తేలలేదు. చివరికి, నెల తర్వాత, నేనే బయలుదేరాను.

మదనపల్లె రోడ్ స్టేషన్లో పది దాటాక దిగి, షేర్ ఆటోలో ఊళ్లోకి వచ్చాను. కుప్పం పోయే దారి ఎలాగూ ఇటే కాబట్టి, టమాటాలు పండించే వాళ్లకు తెలిసుండవచ్చని ముందు మార్కెట్‌కు వెళ్లాను. టమాటా పెట్టెలు మనిషి ఎత్తుకు పేర్చి ఉన్నాయి. నేల నిండా చితికిన కాయల రసం. చెప్పులు జారకుండా నడవడమే ఒక పని. పెట్టెల మీద కూర్చుని బీడీ కాల్చుకుంటున్న పెద్దాయనను అడిగాను. ఆయనది సోమల పక్క పల్లె.

“ఆడోళ్లు మాట్లాడే రేడియోనా? మా తట్టుకు అది రాదమ్మా, కొండ అడ్డం,” అన్నాడు. “పుంగనూరు బస్టాండు కాడ ఖాదర్ బాషా అని మిక్సీలు బాగుచేసే సాయిబు ఉండాడు. వారం వారం ఆ తట్టు సంతలకు పోతాంటాడు. ఆయన్ని అడుగు.”

బస్టాండు ఎదురుగా చిన్న హోటల్లో భోజనం చేసి పన్నెండున్నరకు పుంగనూరు బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్ ఇస్తున్నారు కాబట్టి దారి ఖర్చంతా టీలదే. ముప్పావు గంట ప్రయాణం. గుండ్రాళ్ల గుట్టలు, వాటి మధ్య మామిడి తోటలు, కోసి రోడ్డు మీద పరిచిన రాగి పంట. దాని మీదుగానే బస్సు పోతుంది. అలా పోతే గింజలు వాటంతటవే రాలుతాయి.

ఖాదర్ బాషా దుకాణం వెతుక్కోనక్కరలేకపోయింది. ముందువైపంతా ఇస్త్రీ పెట్టెలు, మిక్సీలు. వెనక అరలో మాత్రం అరచేయంత రేడియోలు ముప్పై దాకా వరసగా పెట్టి ఉన్నాయి.

“ఇప్పుడు కూడా రేడియోలు కొంటున్నారా?” అన్నాను.

“ఈడ ఎవురూ కొనరు మేడం. రామకుప్పం తట్టు సంతలో పెడితే మాత్రం నిలవవు,” అన్నాడు.

“పాటలకా?”

“పాటలకు ఫోనుండాది గదా. ఇవి ఏనుగులకు.” నా ముఖం చూసి నవ్వాడు. “అడవి పక్కన గుంతల్లో చేన్లు ఉంటాయి మేడం. ఆడ సెల్లు పలకదు, ఇది పలుకుతాది. ఏనుగులు యాడ దిగినాయో మిట్ట రేడియోలో నాగవేణమ్మ చెప్తాది. అది విని చేనికి పోయేదా, ఇంట్లో ఉండేదా చూసుకుంటారు.”

నేను విన్న సగం వాక్యం చెప్పాను. ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

“హౌ, అవును మేడం. ఆ పొద్దు నేను సంతలోనే ఉండాను. రెండు గంటలు అదే మాట చెప్పింది ఆయమ్మ. కూరగాయలు అమ్మేటోళ్లు కేకలు ఆపేసి విన్నారు.”

“తర్వాత ఏమైంది?”

“అది ఆయమ్మనే అడగండి. నేను చెప్తే సగం అయితాది.”

రెండూ ముప్పావుకు పలమనేరు బస్సు. అక్కడ నాలుగున్నరకు కుప్పం బస్సు దొరికింది. వి.కోట దాటాక నా పక్కన కూర్చున్న స్కూలు పిల్లలు తెలుగులో మొదలుపెట్టిన మాట తమిళంలో ముగించి, కన్నడంలో నవ్వుకుంటున్నారు. ఏడు కాకముందే కుప్పంలో దిగాను. రైల్వే స్టేషన్ దగ్గర లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది. వేడినీళ్లు మాత్రం ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకే. కింద మెస్సులో రాగి సంగటి, అనపగింజల పులుసు తిన్నాను. ఆ చలికి సంగటి మీద చేయి పెడితేనే హాయిగా అనిపించింది.

మర్నాడు తొమ్మిదింటికి రామకుప్పం రోడ్డు మీద పోయే ఆటో ఎక్కి, మిట్ట రేడియో అన్నాను. డ్రైవరు మారుమాట అడగలేదు. ఇరవై నిమిషాలకు ఒక రాతి మిట్ట ముందు దింపాడు. పైన సున్నం కొట్టిన రెండు గదులు, పక్కన ఇనుప స్తంభం. తూర్పున నీలంగా అడవి కొండలు. వాటికీ ఈ మిట్టకూ మధ్య పచ్చటి గుంతల్లో టమాటా తోటలు, రాగి చేలు. ఈ రేడియోను చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ల సంఘం నడుపుతోంది. పేర్లు రాసినా ఫరవాలేదు గానీ సంఘం పేరు వద్దన్నారు, అందుకని రాయడం లేదు.

నాగవేణికి నలభై ఉంటాయి. పదో తరగతి చదివి, పెళ్లయ్యాక రాగి పండించుకుంటూ ఉండి, ఆరేళ్ల కిందట ఈ మైకు ముందుకు వచ్చింది. స్టూడియో గదిలో గోడలకు నల్ల గొర్రె కంబళ్లు కొట్టారు, చప్పుడు మార్మోగకుండా. లోపల అడుగుపెట్టగానే ఉన్ని వాసన. బల్ల మీద మైకు, సెల్‌ఫోను, పల్లెల నుంచి వచ్చే కబుర్లు రాసుకునే నోటు పుస్తకం.

నేను ఎందుకొచ్చానో చెప్పాను.

“దీనికోసం కదిరి నుంచి వస్తివా అక్కా?”

“ఆ మాట చివర ఏమిటమ్మా?”

“‘నువ్వు ఈ మాట వింటాంటే బయటికి రావద్దు, మోటారు షెడ్డులోకి పో, వాకిలి ఏసుకో.’ అంతే.”

కుర్చీ నా వైపు జరిపి మిగతాది కూడా చెప్పింది. ఆ రోజు ఉదయం ఏడింటి కబుర్లలో ఏనుగులు అడవిలోకి వెళ్లిపోయాయని ఆమే చదివింది. అది విని గంగులప్ప ముగ్గురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని టమాటాలు కోయించడానికి తోటకు వెళ్లాడు. గుంపు నిజంగానే వెళ్లింది. ఒక ఒంటరి మగ ఏనుగు మాత్రం వెదురు పొదల్లో మిగిలిపోయింది. పది దాటాక గుట్ట మీద మేకలు మేపుతున్న మనిషి దాన్ని చూసి, సెల్లు పలికే చోటు దాకా పరిగెత్తి రేడియోకు ఫోను చేశాడు. గంగులప్ప ఫోను మోగలేదు. అతని దగ్గర రేడియో ఉందో లేదో కూడా నాగవేణికి తెలియదు.

“వినేటోళ్లు ఉండారో లేరో తెలీకుండా ఒకే మాట సెప్పేది ఎట్లుంటాదో నీకు తెల్సునా అక్కా? నీళ్లు కూడా తాగలేదు. తాగేటప్పుడే వింటాడేమో అని భయం.”

కోతకు వచ్చిన వాళ్లలో రత్నమ్మ అనే ఆమె చిన్న రేడియో తెచ్చి టమాటా కర్రకు తగిలించుకుంది. ఆమె వింది. నలుగురూ రాతి గోడల షెడ్డులో దూరి తలుపు వేసుకున్నారు. ఏనుగు తోటలో సగం తొక్కి, పైపులు విరిచి, షెడ్డు గోడకు ఒళ్లు రాసుకుని రెండు గంటల తర్వాత వెళ్లిపోయింది. మనుషులకు ఏమీ కాలేదు.

నేను వెతుక్కుంటూ వచ్చింది అక్కడికి దొరికిపోయింది. లేచి సెలవు తీసుకోవలసిందే. కానీ నాగవేణి ముఖంలో ఒక మనిషిని కాపాడిన తృప్తి ఏమీ కనిపించలేదు.

“మూడోనాడు గంగులప్పన్న వచ్చి ఈ వాకిట్లో నిలబడె,” అంది. “‘పొద్దున పోయినాయంటివి, నీ మాట నమ్మి ఆడోళ్లను తోలుకొనిపోతిని’ అనె. ఆ మాట మైకులో సెప్పన్నా, ఊరందరూ వినల్ల అంటిని. ఆయన వెనక్కి తిరిగి పాయె. ఈ పొద్దు వస్తానని కబురంపినాడు.”

పదిన్నరకు మోటారు సైకిలు మీద గంగులప్ప వచ్చాడు. వెనక రత్నమ్మ. అతనికి యాభై ఐదు దాకా ఉంటాయి. తెల్ల చొక్కా మడత విప్పి తొడుక్కున్నట్టు గీతలు కనిపిస్తున్నాయి. నమస్కారం పెట్టి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. రత్నమ్మ మాత్రం నా పక్కన చాప మీద కూర్చుని, “రానంటాండె. నేనే లాక్కొచ్చినా,” అంది మెల్లగా.

అప్పుడే సంఘం పెద్ద మునెమ్మ వచ్చింది. వయసు డెబ్బై పైనే. మెట్లెక్కిన ఆయాసం తీరకుండానే నేనెవరో, జరగబోయేదేమిటో నాగవేణి నోట విని, వద్దంది.

“మన తప్పు మనమే దండోరా ఏసుకుంటామా? రేపటి నుంచి నీ మాట ఎవురు నమ్ముతారు నాగవేణీ? నమ్మకుండా నేరుగా చేనికి పోతే, ఏనుగు తొక్కితే, అప్పుడు ఏం సేస్తావు?”

అది కొట్టిపారేసే మాట కాదు. నాగవేణి తల వంచుకుంది. “సెప్పకపోతే నాకు మైకు ముందర నోరు రాదవ్వా,” అంది. “నెలనాళ్లుగా ఏనుగుల కబురు సదివేటప్పుడల్లా గొంతు వణుకుతాది. వినేటోళ్లకు తెలుస్తానే ఉంటాది.”

మునెమ్మ నా వైపు తిరిగింది. “నువ్వు చదువుకున్నదానివి. ఫోన్లాఫీసులో చేస్తినంటివి. నువ్వు సెప్పమ్మా.”

నేను బయటి మనిషిని. తప్పుకుందామనే అనుకున్నాను. కానీ నోటి నుంచి వేరే మాట వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనొక ట్రంకు కాలులో ఊరి పేరు సరిగా వినిపించుకోలేదు. దగ్గర దగ్గర పేర్లున్న రెండు ఊళ్లలో ఒకే ఇంటిపేరున్న రెండు కుటుంబాలు ఉన్నాయి. తండ్రికి ప్రాణం మీదికి వచ్చిందన్న కబురు వేరే ఇంటికి చేరింది. వాళ్లు ఏడ్చుకుంటూ బస్సెక్కారు. అసలు కొడుక్కి సాయంత్రం దాకా తెలియలేదు. అతను వెళ్లేసరికి తండ్రి లేడు. లైను సరిగా లేదని రిజిస్టరులో రాశాను. అందరూ నమ్మారు. ఈ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆ గదిలో, ముక్కూ ముఖం తెలియని నలుగురికి చెప్పాను.

“నాకు ఆ ఊరి పేరు ఇప్పటికీ పలకబుద్ధి కాదు,” అన్నాను.

మునెమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, “సరే, కానీండి,” అంది.

పదకొండింటికి ఎర్ర బల్బు వెలిగింది. మమ్మల్ని కదలొద్దన్నారు. నాగవేణి ముందు తన పేరు చెప్పి, “ఈ పొద్దు గంగులప్పన్న వచ్చినాడు, ఆయన మాట వినండి,” అని మైకు అతని వైపు తిప్పింది.

గంగులప్ప దాన్ని చూస్తూ ఉండిపోయాడు. పది సెకన్లు, ఇరవై. రేడియోలో అంత నిశ్శబ్దం ఎంత పొడుగ్గా ఉంటుందో లోపల కూర్చుంటే గానీ తెలియదు. నాగవేణి అతన్ని తొందరపెట్టలేదు, మధ్యలో తను మాట అందుకోలేదు. చివరికి అతను గొంతు సవరించుకున్నాడు.

“నా పేరు గంగులప్ప. ఆ పొద్దు ఏడింటికి ఈయమ్మ ఏనుగులు పోయినాయి అనె. నేను తోటకు పోతిని. నా వెనకమ్మడి ముగ్గురు ఆడోళ్లు వచ్చిరి. తోట పోయింది. పోతే పోనీ, మల్లా ఏసుకుంటా. ఆ ముగ్గురికి ఏమన్నా అయ్యింటే? వాళ్ల ఇండ్ల ముందర నేను ఏ మొగం పెట్టుకొని నిలబడాల? రాత్రిళ్లు అదే తలపుకొస్తాది. ఇది అడగల్లని వచ్చినా. తిట్టేదానికి రాలేదు.”

నాగవేణి మైకు తన వైపు తిప్పుకుంది. ఆమె ముందు కాగితం లేదు.

“తప్పు నాది అన్నా. గుంపు అడవిలోకి పోయిందని నాకు ఫోనులో చెప్పిరి. ఏనుగులన్నీ పోయినాయని నేను సదివినా. ఆ ‘అన్నీ’ అనే మాట నాకు ఎవురూ చెప్పలేదు. నేనే కలిపినా. వినేటోళ్లకు ధైర్యంగా ఉంటాదని కలిపినా. ఇంగ నుంచి పోయినాయి అని చెప్పను. యాడ చూసినారో, ఎప్పుడు చూసినారో, ఎవురు చూసినారో అంతే చెప్తా. తెలీకపోతే తెలీదంటా.”

నా పక్కన రత్నమ్మ చాప పుల్లలు గిల్లుతూ ఉంది. ఆమె ఒక్కసారిగా మోకాళ్ల మీద బల్ల దగ్గరికి జరిగి మైకులోకి అంది: “నేను రత్నమ్మను. మేము ముగ్గురం బాగుండాము. గంగులప్పన్న మమ్మల్ని ముందర లోపలికి తోసి, తాను కడాకు వచ్చె. అది ఆయన సెప్పడు.”

గంగులప్ప కళ్లు తుడుచుకోలేదు. తల మాత్రం గోడ వైపు తిప్పుకున్నాడు.

కార్యక్రమం అయిన వెంటనే సెల్లు మోగింది. మునెమ్మ బిగుసుకుపోయింది. మొదటి ఫోనులోనే తిట్లు వస్తాయని అందరం అనుకున్నాం. అవతల మనిషి గొంతు మాకూ వినపడింది.

“అదంతా సరే గానీ నాగవేణమ్మా, ఇంతకీ ఈ పొద్దు యాడుండాయి?”

నాగవేణి నోటు పుస్తకం చూసింది. “నిన్న సాయంత్రం ఐదింటికి కొండ కింద రెండు కనపడినాయంట. ఆ తర్వాత తెలీదప్పా.”

“తెలీదా? సరే, అయితే,” అని అతను పెట్టేశాడు. ఆ పూట మరో నాలుగు ఫోన్లు వచ్చాయి. ఒకటి మాత్రం కోపంగానే ఉంది. ఇన్నాళ్లూ ఎన్నిసార్లు ఇట్లా కలిపి చెప్పినావని ఒకామె నిలదీసింది. నాగవేణి ఆమెకూ జవాబు చెప్పింది. గుర్తున్నంతలో ఇదొక్కటే అని, గుర్తులేనివి ఉండొచ్చని.

మధ్యాహ్నం మునెమ్మ ఇంటి నుంచి తెచ్చిన చిత్రాన్నం అందరం పంచుకున్నాం. గంగులప్ప అప్పుడు కూర్చున్నాడు. తోటలో ఈసారి టమాటా వేయనని, బీన్సు వేస్తానని రత్నమ్మతో చెబుతున్నాడు. ఏనుగులు బీన్సు తినవా అని నేను అడిగాను. “తింటాయమ్మా. తినేదానికంటే తొక్కేది ఎక్కువ,” అన్నాడు. మూడింటికి తనే బండి మీద నన్ను మెయిన్ రోడ్డు దాకా దింపాడు. దారిలో ఒక్క మాటే అన్నాడు: “నీ తప్పు నువ్వు సెప్పకపోయుంటే నేను మల్లా వెనక్కి పోయుంటానమ్మా.”

ఎవరైనా వెళ్లాలనుకుంటే రెండు మాటలు. కుప్పం నుంచి రామకుప్పం వైపు ఆటోలు ఉదయం తొమ్మిది దాకా బాగా ఉంటాయి, తర్వాత తగ్గిపోతాయి. మిట్ట మీద నీళ్లు దొరకవు, వెంట తీసుకుపోవాలి. రేడియో మూడు పూటలే పలుకుతుంది: ఉదయం ఏడు, పదకొండు, సాయంత్రం ఐదు. అత్యవసరమైతే ఎప్పుడైనా పలుకుతుంది. వినడానికి ఫోను సరిపోతుంది గానీ ఇయర్‌ఫోన్ల వైరు తప్పనిసరి, దానికి అదే ఏరియల్.

ఆ సాయంత్రం లాడ్జిలోనే ఉండిపోయి, మర్నాడు ఉదయం ఏడున్నరకు పలమనేరు బస్సెక్కాను. కిటికీ అవతల చేలన్నీ మంచులో ఉన్నాయి. ఊరు దాటాక వచ్చిన స్టాపులో ఒక నడివయసు ఆమె ఎక్కి నా పక్కన కూర్చుంది. ఒళ్లో టిఫిన్ డబ్బా, తలకు నూనె, కొత్త రవిక. ఆధార్ కార్డు చూపించి వి.కోటకు టికెట్ తీసుకుంది.

“పండగకా?” అన్నాను.

“లేదు లేమ్మా. రాగి కోత ఉండె ఈ పొద్దు. ఏడింటికి రేడియో పెడితిమి. ఏనుగులు యాడుండాయో మాకు తెలీదు, ఎవురూ సూడలేదు అనె ఆయమ్మ.”

“తెలియదంటే కోపం రాలేదా?”

“యాల కోపం? ఉండాయంటే దారి మార్చి పోతాము. తెలీదంటే ఇంట్లో ఉంటాము.” ఆమె డబ్బా మూత సరిచేసుకుంది. “ఊరికే కూర్చునేది ఎందుకని, కూతురికి అనపగింజలు ఇచ్చొద్దామని బయలుదేరినా. దాన్ని చూసి మూడు నెలలాయె.”

వి.కోటలో బస్సు ఆగకముందే ఆమె లేచి తలుపు దగ్గర నిలబడింది. కింద బస్టాండులో చంటిపిల్లను ఎత్తుకున్న ఒక అమ్మాయి, బస్సు కిటికీలన్నీ ఒక్కొక్కటిగా వెతుకుతూ ముందుకు వస్తోంది.